అమంతాయ్ కాలు

ఇంజను కింద రేకు పళ్ళెంలో పిడకల నిప్పు పెట్టి తోలెగెన్ పక్కనే నిలబడ్డాడు. మామూలు రోజుల్లో అయితే నిప్పు పెట్టేసి లోపలికి పోయి, నూనె పలచబడేదాకా టీ తాగుతూ కూర్చునేవాడు. ఆ పూట లోపలికి పోవడానికి మనసొప్పలేదు. లోపల, పొయ్యి వెలిగించని చివరి గదిలో, తమ్ముడు అమంతాయ్ తెల్లగుడ్డ కింద పడుకుని ఉన్నాడు. పోయి అది మూడో రోజు.

ఎంత సాదాసీదాగా పోయాడంటే ఊళ్ళో సగం మందికి ఇంకా నమ్మకం కుదరలేదు. కొట్టం కప్పు మీద మంచు పారతో లాగేసి వచ్చాడు. కోటు విప్పాడు. టీ పొయ్యమని తల్లికి చెప్పి గోడకి జారగిలబడ్డాడు. ఆవిడ టీ పోసి ఇటు తిరిగేసరికి మనిషి లేడు. నలభై నిండని వయసు, పొగరుబోతు గుర్రాన్ని చెవి పట్టుకుని నిలబెట్టే ఒళ్ళు. ఒక్క గుక్క టీకైనా ఆగలేదు.

అమంతాయ్ భార్య కుల్పాష్ అప్పటికి ఊళ్ళో లేదు. చెల్లెలి కాన్పుకని పట్నం వెళ్ళింది. ఆ సాయంత్రమే మంచుతుఫాను ముంచుకొచ్చి దారి మూసేసింది, ఫోను టవరును పడగొట్టింది. టవరు పడేలోగా తోలెగెన్ ఒక్కసారి మాత్రం ఆమెతో మాట్లాడాడు. ఆ మాట్లాడింది కూడా పెదనాన్న ఒరాజ్ పక్కన నిలబడి చెప్పించినట్టే. అక్కడ చావు కబురు ఫోన్లో చెప్పరు, దారిలో చెప్పరు, ఒంటరిగా ఉన్న మనిషికి అసలే చెప్పరు. ఇంటికి రప్పించి, చుట్టూ నలుగురు ఆడవాళ్ళని కూర్చోబెట్టి, పెద్దాయన ఒకాయన ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెబుతాడు. అప్పటిదాకా ఏదో ఒక అబద్ధంతో లాక్కురావాలి. తోలెగెన్ నోటికొచ్చిన అబద్ధం, అమంతాయ్ కొట్టం మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడని. ఏ కాలని అడిగింది కుల్పాష్. అబద్ధానికి ఇంకో ప్రశ్న ఉంటుందని తోలెగెన్ అనుకోలేదు. ఎడమ అన్నాడు. అంతలో ఫోను పోయింది.

కుల్పాష్ ఎక్కిన రైలు కూడా మంచులో చిక్కుకుని నానా తిప్పలు పడి ఆ తెల్లవారే స్టేషనుకి చేరింది. పంచాయతీ ఆఫీసు వైర్‌లెస్‌లో ఆ కబురు వచ్చేసరికి ఇంట్లో పెద్దవాళ్ళంతా తలలు వంచుకుని ఆలోచనలో పడ్డారు. సమాధి కోసం రాత్రీ పగలూ టైర్లు తగలబెట్టి, గడ్డకట్టిన నేలను కరిగించి, గడ్డపారలు వంకర్లు పోయేలా తవ్విన గొయ్యి అది. పడమటి ఆకాశం మళ్ళీ మురికిపట్టి ఉంది. రాత్రికి ఇంకో తుఫాను వస్తే గొయ్యి పూడిపోతుంది, పూడితే మళ్ళీ తవ్వే సత్తువ ఊళ్ళో ఎవరికీ లేదు. మధ్యాహ్నం నమాజు దాకా చూస్తామనీ, ఆ పైన ఇంకాస్త చూస్తామనీ, అంతకన్నా ఆపలేమనీ ఒరాజ్ తేల్చి చెప్పాడు. ఆడవాళ్ళు సమాధి దాకా పోరు, గడప దగ్గరే ఆగిపోతారు. శవం గడప దాటేలోగా కుల్పాష్ వచ్చిందా, మొగుడి మొహం చూసుకుంటుంది. రాలేదా, ఇక ఈ జన్మకి లేదు.

తల్లి బయటికి వచ్చి తోలెగెన్ చెయ్యి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు పోయింది.

"దాన్ని తీసుకురా నాయనా. వాడి మొహం చూపించు. నువ్వు మాత్రం నోరు జారకు. పెదనాన్న చెబుతాడు."

ఆ మంచులో కదలగలిగింది ఊరి మొత్తానికి ఆ ఒక్క ట్రాక్టరే. దాని ముందు మంచు నెట్టే ఇనప రెక్క ఉంది, వెనక దున్నే సామానంతా ఊడిపోయి ఉంది, మధ్యలో స్టీరింగు ఉంది. ఆ స్టీరింగు గురించి ఊళ్ళో జోకులకి కొదవ లేదు. తోలెగెన్ ట్రాక్టరు పక్కకి తిరగాలంటే ముందురోజే అర్జీ పెట్టుకోవాలని అమంతాయ్ పెళ్ళిళ్ళలో చెప్పి నవ్వించేవాడు. నూనె బలంతో తిరిగే చక్రం అది. ఎండాకాలంలో ఒంటివేలితో తిప్పొచ్చు. చలి ముదిరితే ఆ నూనె పేరిన కొవ్వులా అయిపోతుంది. అప్పుడు దాన్ని బలవంతం చేస్తే గొట్టం పగులుతుంది, వదిలేస్తే బిగుసుకుపోతుంది. కదిలే ముందు అటు కాస్త, ఇటు కాస్త, పంపు మూలుగుతున్నంతసేపూ బుజ్జగించాలి. దారిలో పడ్డాక కూడా ఊరికే ఉండకూడదు. ఆ మైదానంలో దారి తిన్నగా పోతూనే ఉంటుంది. తిన్నగానే ఉంది కదా అని చేతులు కట్టుకు కూర్చుంటే ముందు చక్రాల దగ్గరి నూనె చల్లబడి, తీరా మలుపు వచ్చినప్పుడు మొండికేస్తుంది. అందుకే మధ్యమధ్య ఊరికే అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. తోలెగెన్‌కి అది ఊపిరి పీల్చినంత అలవాటు. ఆ రోజు మాత్రం రెండుమూడుసార్లు మరిచిపోయి, గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాడు.

స్టేషనులో కుల్పాష్ పొయ్యి పక్కన సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతన్ని చూసి లేచి నిలబడింది. మామూలుగా అయితే ఈపాటికి ఒక చురక అంటించేది. మొగుడి అన్నగారి పేరు పలకకూడదు కాబట్టి కోడలుగా వచ్చిన మొదటి వారంలోనే అతనికి నిదానం బావగారని పేరు పెట్టిన మనిషి. ఆ రోజు చురకా లేదు, నవ్వూ లేదు. అతని మొహంలోకి చూసి ఎలా ఉన్నాడని అడిగింది. పడుకున్నాడన్నాడు తోలెగెన్. తిట్టుకుంటున్నాడా అని అడిగింది. లేదన్నాడు. రెండూ నిజాలే, అందుకే అంత సులువుగా వచ్చాయి.

దారిలో కూడా ఆమె అట్టే మాట్లాడలేదు. వెనక చక్రం పైని రేకు మీద సర్దుకుని కూర్చుని, తన పక్కకే చూస్తూ ఉంది. రైల్లో నిద్రలేక అలా ఉందనుకున్నాడు. తను వచ్చేటప్పుడు మంచు నెట్టి చేసిన దారిలోనే తిరిగి పోతున్నారు కాబట్టి ట్రాక్టరు హాయిగా నడుస్తోంది. ఈ లెక్కన నమాజుకి ముందే ఇంట్లో ఉంటామని మనసులో కాస్త ధైర్యం చిక్కింది.

పాత పిండిమిల్లు దగ్గరికి వచ్చేసరికి కుల్పాష్ నోరు విప్పింది. కాలికి కట్టు ఎవరు కట్టారని అడిగింది. ఎవరూ కట్టలేదన్నాడు తోలెగెన్. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఎవరో ఒకరు కట్టారని అంటే పోయేది. కానీ మొదటి అబద్ధానికే ఒంట్లో ఉన్న తెలివంతా ఖర్చయిపోయిన మనిషి.

ఆమె సంచీని ఒళ్ళో సర్దుకుంది. తర్వాత, మూడు రోజులుగా కట్టు లేకపోతే ఎముక వంకరగా అతుక్కుంటుందనీ, మిల్లు పక్కనుంచి కుడికి తిరిగితే బైజాన్ తాత చలికాలపు మకాం వస్తుందనీ, ఆయన్ని ఎక్కించుకుని పోదామనీ అంది. బైజాన్ తాత ఎముకలు సరిచేసేవాడు. చుట్టుపక్కల ఏ గుర్రం ఎవరిని పడేసినా ముందు ఆయన దగ్గరికే పరుగెత్తేవారు.

"తీసుకెళ్తారా బావగారూ? వద్దంటారా?" అని అడిగింది. అడిగి, రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తూ కూర్చుంది.

వద్దని ఎలా అంటాడు? కాలు విరిగినవాడికి వైద్యుడు వద్దని ఏ అన్న అంటాడు? అంటే ఇంకేం మిగిలింది, చెప్పేసినట్టే. సాయంత్రం తీసుకొస్తాననొచ్చు. తుఫాను వస్తోందనొచ్చు. ఇవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా గుర్తొచ్చి తోలెగెన్ గుండెల్లో గుచ్చుకున్నాయి. అప్పుడు మాత్రం ఒక్కటీ తట్టలేదు. ఇంకో సంగతి కూడా ఉంది, అది అతను ఎవరితోనూ అనలేదు. ఆమె కట్టు అంటూంటే, వంకరగా అతుక్కుంటుందంటూంటే, ఎక్కడో ఒక గదిలో తమ్ముడు కాలు చాపుకుని కూర్చుని అందర్నీ తిట్టుకుంటున్నట్టే అతనికి అనిపించింది. ఆ గదిలోంచి బయటికి రావడానికి ప్రాణం ఒప్పుకోలేదు.

చక్రం కుడికి తిప్పాడు. తిరగలేదు. చాలాసేపటి నుంచి ఆడించడం మరిచిపోయాడు, నూనె బిగిసింది. పంపు కీచుమంది. సీట్లోంచి సగం లేచి, రెండు చేతులూ ఒకే పక్కన వేసి, భుజం ఆనించి, పళ్ళు బిగబట్టి లాగాడు. ఒక వేలెడు తిరిగింది. వదిలి, ఊపిరి తీసుకుని, మళ్ళీ లాగాడు. అంత చలిలోనూ టోపీ కింద చెమట పట్టింది. ఆ లాగుడంతా కుల్పాష్ చూస్తూనే ఉంది. చివరికి ట్రాక్టరు మూతి మెల్లగా దారి విడిచి, మంచులోకి, బైజాన్ మకాం వైపు తిరిగింది.

అప్పుడామె పెద్దగా ఊపిరి వదిలింది. తలకి చుట్టుకున్న శాలువా వదులు చేసుకుంది. సంచీలోంచి వేయించిన పొద్దుతిరుగుడు గింజలు తీసి అతని చేతిలో గుప్పెడు పోసింది. ఇక ఆమె నోరు ఆగలేదు. చెల్లెలికి మగపిల్లాడు పుట్టాడట, వాడికి మూడూళ్ళకి వినపడే గొంతు ఉందట, రైల్లో పక్క పెట్టెలో ఎవరో మేకని పట్టుకొచ్చారట. ఈ ట్రాక్టరు కన్నా ఆ మేక నయం, చెప్పినమాట వింటుంది అంది. అలా అంటూ అంటూ, సిగ్గుపడుతూనే, రొమ్ముదగ్గర దాచుకున్న చిన్న తెల్లటి చొక్కా కొస చూపించింది. చంటివాడి తొలిచొక్కా. పిల్లల్లేని ఇంటికి దాన్ని అడిగి తెచ్చుకుంటే మంచిదని చెల్లెలి అత్తగారు ఇచ్చిందట. తను చూపించేదాకా ఆయనతో అనొద్దని బతిమాలింది. అననన్నాడు తోలెగెన్. గింజలు అతని అరచేతిలో అలాగే ఉండిపోయాయి.

బైజాన్ తాత మకాం తలుపు దాకా మంచు పేరుకుని ఉంది. ట్రాక్టరుని గాలికి ఎదురుగా నిలిపి, ఇంజను ఆపకుండా వదిలేసి, ఇద్దరూ లోపలికి పోయారు. ముసలాయన చేతులు కడుక్కుని కూర్చుని తన ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎలా పడ్డాడు, పాదం లోపలికి తిరిగిందా బయటికి తిరిగిందా, వాచిందా, నల్లబడిందా. తోలెగెన్ నీళ్ళు నమిలాడు. ఇంతకీ ఏ కాలు అన్నాడాయన. కుడి అన్నాడు తోలెగెన్.

"ఫోన్లో ఎడమ అన్నారుగా" అంది కుల్పాష్. తాత భార్య ముసలమ్మ వైపు తిరిగి నవ్వేసింది. "మా బావగారికి కుడీ ఎడమా తెలీదమ్మమ్మా. అందుకే ఆ ట్రాక్టరు కూడా ఎటు తిరగాలో తెలీక అలా ఏడుస్తుంది."

ముసలమ్మ నవ్వింది. బైజాన్ నవ్వలేదు. తోలెగెన్ మొహం వంక చూస్తూ ఉండిపోయి, తర్వాత కళ్ళు దించుకుని, కుల్పాష్‌కి టీ పొయ్యమని భార్యకి చెప్పి, కట్టుకి కర్రలు ఏరుకోవాలని వంక పెట్టి తోలెగెన్‌ని కట్టెల కొట్టంలోకి తీసుకుపోయాడు.

"కాలు కాదు కదా" అన్నాడు.

తోలెగెన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎప్పుడెత్తుతారు?"

"నమాజు అయ్యాక. కాసేపు చూస్తామన్నారు."

"మరి ఇక్కడికెందుకొచ్చావురా?"

"రమ్మంది తాతా."

ముసలాయన గడ్డం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తను పెద్దవాడినే కాబట్టి తను చెబుతానన్నాడు. ఇప్పుడే, ఈ పొయ్యి దగ్గరే, తన భార్య పక్కన కూర్చోగా చెప్పేస్తాననీ, అలా చెప్పడమూ పద్ధతేననీ, చెప్పేస్తే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి ట్రాక్టరు ఎక్కుతుందనీ అన్నాడు. తోలెగెన్ తల అడ్డంగా ఊపాడు. నోరు జారొద్దని తల్లి చెప్పిందన్నాడు. ఇంటికి పోయాక పెదనాన్న చెబుతాడన్నాడు. టైము ఉందన్నాడు. అన్నవన్నీ తనకే ఎవరో చెబుతున్నట్టు వినపడ్డాయి. బైజాన్ ఇంకేం అనకుండా నున్నటి కర్రలు నాలుగు ఏరాడు. లోపలికి వచ్చి, కంబళి ముక్క, ఉప్పు, గొర్రె కొవ్వు, గుడ్డపీలికలు, అన్నీ ఒక్కొక్కటిగా కుల్పాష్ కళ్ళముందే మూట కట్టుకున్నాడు. ఆ మూట అక్కర్లేదని ఆ గదిలో ఇద్దరికి తెలుసు. అయినా ఆయన ఒక్క వస్తువూ మరిచిపోలేదు.

రొట్టె తుంచకుండా గడప దాటనిచ్చే ఇల్లు ఆ మైదానంలో ఎక్కడా లేదు. ముసలమ్మ అప్పటికే గుడ్డ పరిచి, వెన్నా, నూనెలో వేయించిన పిండిముద్దలు బౌర్సాకులూ పెట్టి, పాలు కాచి టీ పోసింది. కుల్పాష్ ఆకలి మీద ఉంది, పైగా ఇప్పుడు మనసు తేలికపడి ఉంది. ఇంకో గిన్నె, ఇంకో గిన్నె అంటూ తాగింది. తోలెగెన్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అది నమలడానికే ఓ యుగం పట్టింది. బయట ట్రాక్టరు ఒంటరిగా మూలుగుతోంది, దాని చక్రాన్ని ఆడించేవాళ్ళు ఎవరూ లేరు.

ముసలాయన్ని ఎక్కించుకుని బయల్దేరిన తిరుగుదారిలో వాగు మలుపు ఉంది. వాగంటే చలికాలంలో కనపడదు, మంచుతో నిండిపోయి నేలతో సమానంగా ఉంటుంది. దారి అక్కడ ఎడమకి తిరగాలి. తోలెగెన్ చక్రం పట్టుకుని లాగాడు. గోడకి కొట్టిన మేకులా ఉంది. లేచి నిలబడి, ఒళ్ళంతా వేలాడేసి లాగాడు. ముందు చక్రాలు తిన్నగానే పోయాయి. ట్రాక్టరు మూతి వంచి, ఇనప రెక్కతో సహా, కిటికీల దాకా వాగులోకి దిగబడిపోయింది.

ముగ్గురూ దిగారు. దెబ్బలేమీ తగల్లేదు. పార ఒక్కటే ఉంది, ముసలాయన కూడా తన వంతు వదులుకోకుండా తవ్వాడు. రెక్క ముందు మంచు తవ్విపోశాక కూడా చక్రాలు తిరగలేదు. ఇక ఉన్నది ఒకటే మార్గం. తోలెగెన్ తగరపు డబ్బాలో గుడ్డపీలికలు కుక్కి, డీజిలు పోసి, ముట్టించి, నూనె గొట్టాల కింద పెట్టాడు. గాలికి మంట ఆరిపోతోంది. కుల్పాష్ తన ఉన్ని శాలువా విప్పి, రెండు చేతులా చాచి, ట్రాక్టరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని గాలికి అడ్డం పెట్టింది. డీజిలు మసి ఆమె మొహమంతా అలుముకుంది.

"తాతా, ఆయనకేమో కాలు విరిగింది. దీనికి మెడ పట్టేసింది. ముందు దీనికి కట్టు కట్టవయ్యా" అంది.

బైజాన్ వెనక్కి తిరిగి మంచు తవ్వుతూనే ఉన్నాడు. పొద్దు నడినెత్తి దాటి, పడమటి మురికిలోకి జారుతోంది. ఈపాటికి నమాజుకి నిలబడి ఉంటారు. ఈపాటికి లేచి ఉంటారు. ఈపాటికి ఒరాజ్ కొండకొస మీదికి ఎవరినో పంపించి, ట్రాక్టరు వస్తోందేమో చూసి రమ్మని ఉంటాడు. తోలెగెన్ ఏడ్చాడు. ఆ గాలికి అందరి కళ్ళూ కారుతూనే ఉన్నాయి కాబట్టి ఎవరూ అడగలేదు. ఇప్పుడైనా చెప్పమన్నట్టు ముసలాయన ఒకసారి అతని వైపు చూశాడు. చెప్పాలనే తోలెగెన్ ఆమె పక్కకి పోయి వంగాడు. చాచిన చేతులు దించకుండానే ఆమె మసి మొహంతో తలెత్తి, మంట ఆరలేదు చూడండని గర్వంగా చూపించింది. అతని నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

చక్రం మెత్తబడి, ట్రాక్టరు వెనక్కి నడిచి వాగులోంచి బయటపడటానికి చాలాసేపు పట్టింది. మెత్తబడ్డాక మాత్రం పాపం తోలెగెన్ ఒక్క నిమిషం కూడా వదల్లేదు. ఇల్లు చేరేదాకా అటూ ఇటూ ఆడిస్తూనే ఉన్నాడు, చేతులు తిమ్మిరెక్కి స్పర్శ తెలియకుండా పోయినా.

కొండకొస ఎక్కేసరికి ఊరు కనపడింది. ఊరికి అవతల, సమాధుల దిబ్బ నుంచి, మగవాళ్ళు వరసగా తిరిగి వస్తున్నారు. నల్లటి కోట్లు, తెల్లటి మంచు. కొందరి భుజాల మీద పారలున్నాయి. ముందు నడుస్తున్నది ఒరాజ్. ఇంటి నుంచి ఆడవాళ్ళ శోకాలు గాలికి తెరలుతెరలుగా వినపడుతున్నాయి.

కుల్పాష్ మధ్యలో ఆపేసిన మాటని మళ్ళీ అందుకోలేదు. ఆపమని చేత్తో చూపించింది. తోలెగెన్ ఆపాడు. ఆమె దిగింది. మంచులో నాలుగడుగులు ముందుకు వేసి నిలబడి, ఆ వరసని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. ప్రతి మగవాడి మొహమూ వెతికింది. ఒక్కడు తక్కువయ్యాడు.

పెదనాన్న ఒరాజ్ అక్కడికే వచ్చాడు. ఆడవాళ్ళు చుట్టూ లేరు, పొయ్యి లేదు, కూర్చోబెట్టడానికి చాప లేదు. అయినా ఆయన టోపీ సరిచేసుకుని, చెప్పాల్సినట్టే, చుట్టుతిప్పి చెప్పడం మొదలుపెట్టాడు. పక్షులు వలసపోతాయనీ, ఇచ్చినవాడే తీసుకుంటాడనీ. ఆమె చివరిదాకా నిలబడి విన్నది. పెద్దాయన మాట్లాడుతుంటే కోడలు మధ్యలో కదలకూడదు. చెప్పడం అయ్యాక కూడా ఏడవలేదు. తోలెగెన్ దిగి ఆమె వెనక నిలబడి ఉన్నాడు. తన తమ్ముణ్ణి గోతిలోకి దించిన చేతుల్లో తన చేతులు లేవని అప్పుడే అతనికి తట్టింది. ఆ సంగతి ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

కుల్పాష్ అతని వైపు తిరిగింది. గొంతు చాలా మామూలుగా ఉంది.

"స్టేషన్లో మీ మొహం చూసినప్పుడే నాకు భయమేసింది బావగారూ. మనవాళ్ళు కాలు విరిగిందంటే ఏంటో నాకు తెలీదా? అడగడానికి ధైర్యం చాల్లేదు. అందుకే బైజాన్ తాత దగ్గరికి పోదామన్నా. మనిషే లేకపోతే వద్దంటారుగా. వద్దంటే తెలిసిపోద్దిగా."

ఆమె ట్రాక్టరు వైపు చేత్తో చూపించింది.

"మీరు తిప్పారు. రెండు చేతులూ వేసి, భుజం ఆనించి, చెమటలు కక్కుతూ తిప్పారు. నేను చూస్తానే ఉన్నా. చచ్చిపోయినోడి కాలుకోసం ఇంత కష్టపడి ఎవరు తిప్పుతారు అనుకున్నా. బతికే ఉన్నాడనుకున్నా. ఆ ముసలమ్మ ఇంట్లో కూర్చుని మూడు గిన్నెల టీ తాగా బావగారూ."

అది అని ఆమె మసి మొహాన్ని శాలువాలో దాచుకుని ఇంటివైపు పరుగెత్తింది. శాలువా కొస కాలిపోయి ఉంది. గడప దగ్గర ఆడవాళ్ళు ఆమెని చూసి చేతులు చాచారు, తోలెగెన్ తల్లి అందరికన్నా ముందుకు వచ్చి కావలించుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు. అమంతాయ్ పేరు పెట్టి, గట్టిగా, ఊరంతా వినేటట్టు ఏడ్చింది. మొగుడి పేరు ఆమె నోట వినడం ఎవరికైనా అదే మొదటిసారి.

బైజాన్ తాత ట్రాక్టరు దిగి, మూట చంకలో పెట్టుకుని, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాడు. తోలెగెన్ ఆ గడప వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేకపోయాడు.